కిటికీలో కూర్చున్నవాని నిద్ర

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 20:7–12

త్రోయలో ఐతుకు అను యౌవనస్థుడు కూడికలో నిద్రపోయి మూడవ అంతస్తునుండి పడిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు సహితము తెలియును. ప్రసంగ సమయమున కునుకువారిని హెచ్చరించుటకై ఈ భాగమును తరచుగా వాడుదురు. మా అభిప్రాయములో అది ఆ యౌవనునికి అన్యాయము. లూకా వ్రాసినదానిని నిదానముగా చదివినయెడల, అతనిమీద నింద ఒక్కటియు కానరాదు. అర్ధరాత్రి కావచ్చెను, మేడగదిలో దీపములు అనేకములు, ప్రసంగము ముగియలేదు. నేలమీద కూర్చుండి కునికినవారు ఆ గదిలో ఇంకెందరుండిరో! వారికేమియు కాలేదు. ఇతడు కూర్చున్నది కిటికీలో. నిద్ర ఒకటే, చోటు వేరు.

ఓర్వకల్లు ప్రాంతపువారికి ఈ మాట ఇప్పుడు దగ్గరగా వచ్చినది. కర్నూలునుండి నంద్యాలకు పోవు రహదారిమీద తెల్లవారుజామున లారీలు నడుపువారి బడలిక మనము ఎరిగినదే. ఆ దారిలోనే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట కట్టిన విమానాశ్రయమునుండి 2021 మార్చి 28న ప్రయాణికుల విమానములు మొదలాయెను. పైలట్ల శిక్షణ పాఠశాలలు పెట్టుటకు ఎంపికచేసిన విమానాశ్రయములలో మన కడప కూడ ఉన్నది. రేపు మన యిండ్ల పిల్లలే చిన్న విమానములు నడుపవచ్చును. నిద్ర వచ్చిన లారీ డ్రైవరు బండిని చింతచెట్టు క్రింద నిలిపి, ముఖము కడుగుకొని, గంటసేపు పండుకొనవచ్చును. ఆకాశములో చింతచెట్టు లేదు.

2010 మే 22న దుబాయినుండి మంగుళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానము, ఉదయము ఆరు దాటగానే, రన్‌వే దాటిపోయి లోయలో పడెను. అందున్న 166 మందిలో 158 మంది మరణించిరి. కాక్‌పిట్‌లోని శబ్దములను నమోదుచేయు యంత్రములో రెండు గంటల ఐదు నిమిషముల ధ్వని మిగిలియుండెను. దానిలో మొదటి గంటా నలుబది నిమిషములు కెప్టెన్ మాట లేదు, గురక వినబడెను. తరువాత ఆయన మేల్కొనెను. విమానము ఉండవలసినదానికంటె మిక్కిలి ఎత్తున వచ్చుచుండగా, దిగుట మానుకొని మరల పైకి లేపుమని రెండవ పైలట్ చెప్పెను; కెప్టెన్ వినలేదు. నిద్ర ఒక్కటే కారణమని విచారణ సంఘము చెప్పలేదు. దిగుట మానుకొనకపోవుటయే కారణమనియు, దీర్ఘనిద్రనుండి లేచిన మత్తు ఆయన తీర్పును మందగింపజేసి యుండవచ్చుననియు వ్రాసిరి. కన్నులు తెరచినంతమాత్రమున మనస్సు మేల్కొనదు గదా.

పెద్ద విమానములో ప్రక్కన మరియొకరున్నారు. చిన్న విమానములో తరచుగా ఒక్కడే. ఇంజను ఒకే శ్రుతిలో మ్రోగుచుండును, గాజులోనుండి ఎండ పడుచుండును, ఆటోపైలట్ అను యంత్రము ఎత్తును దిక్కును కాపాడుచుండును. ఆ యంత్రము నమ్మకమైన సేవకుడే గాని, యజమానుడు మేల్కొని యున్నాడో లేదో దానికి తెలియదు. 2018 నవంబరులో ఆస్ట్రేలియాలో ఒక పైలట్ ఒంటరిగా పైపర్ విమానమును కింగ్ దీవికి నడుపుచు నిద్రపోగా, విమానము దీవిని దాటి సముద్రముమీదికి సాగిపోయెను. 2020 జూలైలో అదే దేశములో సెస్నా విమానమును నడుపుచున్న మరియొక పైలట్ నలుబది నిమిషములు క్రిందివారి పిలుపునకు పలుకలేదు. ముందటి రాత్రి నిద్ర చాలలేదు. దానికి తోడు పదకొండు వేల అడుగుల ఎత్తున గాలి పలుచన. ఇద్దరును మేల్కొని క్షేమముగా దిగిరి.

మనస్సు గట్టిగా ఉంటే నిద్రను జయింపవచ్చునని చెప్పువారున్నారు. 1927లో అట్లాంటిక్ సముద్రమును ఒంటరిగా దాటిన లిండ్‌బర్గ్‌ను సాక్షిగా చూపుదురు. ముప్పదిమూడున్నర గంటలు నడిపినమాట నిజమే. అయితే తన వెనుక నీడలవంటి ఆకారములు నిలిచి మాటలాడినట్లు తోచెనని 1953లో ప్రచురించిన గ్రంథములో ఆయనయే ఒప్పుకొనెను. దానిని జయమందుమా?

పదునేడు గంటలు వరుసగా మేలుకొన్నవాని చురుకుదనము, నెత్తురులో 0.05 శాతము మద్యమున్నవాని చురుకుదనముతో సమానమని పరిశోధకులు కనుగొనిరి. రాత్రి రెండు మొదలు ఆరు వరకు దేహము తనంతట తానే క్రుంగును. మధ్యాహ్న భోజనానంతరము కొంత. కొన్ని క్షణముల కునుకు వచ్చిపోయినది పొందినవానికే తెలియకపోవచ్చును. గంటకు రెండువందల కిలోమీటర్ల వేగముతో పోవు చిన్న విమానము పది క్షణములలో అరకిలోమీటరు దాటును. అన్నిటికంటె గడ్డు సంగతి యేమనగా, అలసినవాడు తన అలసటను సరిగా కొలువలేడు. గనుక ఇంకా నడుపగలవా అని అతనినే అడుగుట చాలదు. విశ్రాంతిని ముందుగానే మరియొకరు నియమింపవలెను.

నియమించిన విశ్రాంతికి ఫలమున్నది. దూరప్రయాణములలో ఒకరు మేల్కొని యుండగా మరియొకరికి నలుబది నిమిషముల విరామమిచ్చి నాసా వారు పరీక్షించిరి. సగటున ఇరువదియారు నిమిషములు నిద్రించి, వారు చురుకుగా పని చేసిరి. కాని మేల్కొనవలసినవాడే అలసియుంటే? 2024 జనవరి 25న ఇండోనేషియాలో బాటిక్ ఎయిర్ విమానమున కెప్టెన్ చెప్పి పండుకొనగా, రెండవ పైలట్ కూడ నిద్రపోయెను. 153 మంది ప్రయాణికులతో ఇరువదియెనిమిది నిమిషములు విమానము కావలి లేక పోయెను. ఆ రెండవ పైలట్ ఇంట నెల దాటని కవలపిల్లలు. భార్యకు తోడుగా రాత్రులు మేలుకొనుచుండెను. అతనిని సోమరి యని యే తల్లి అనగలదు?

మన దేశములో పౌరవిమానయాన శాఖవారు పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటలనుండి 48 గంటలకు పెంచి, రాత్రివేళ దిగుటలను ఆరునుండి రెండింటికి తగ్గించిరి. 2025 నవంబరునుండి ఆ నియమములు పూర్తిగా అమలుకాగా, డిసెంబరులో ఇండిగో సంస్థ విమానములు వేలకొలది రద్దయినవి. సంస్థకు తాత్కాలికముగా సడలింపు ఇయ్యబడెను. పెండ్లిండ్లకును ఆసుపత్రులకును బయలుదేరి నేలమీద పండుకొన్నవారి కోపము న్యాయమైనదే. అయితే పైలట్లకు ఇచ్చిన నిద్రమీద ఆ కోపము చూపుట తగదు. నియమము రానున్నదని ముందే తెలిసియుండి, తగినంతమందిని సిద్ధపరచకపోవుటను ప్రశ్నింపవలెను.

మన యిండ్లలో విమానము నడుపువారు కొద్దిమందియే. రాత్రి డ్యూటీ చేయు నర్సులు, లారీ డ్రైవర్లు అనేకులు. పగలు పండుకొన్నవారిని చూచి ఎండెక్కువరకు నిద్రయా అని అనకుడి. గదికి ముదురురంగు తెర కట్టుడి, ఫోను వేరొకరు ఎత్తుడి. జలుబుకు వేసికొను కొన్ని మాత్రలు నిద్ర తెచ్చును. పనికి పోవువారు వైద్యుని అడిగి వేసికొనవలెను. అట్టివారున్న వీధిలో పగటి కూడికకు మైకు లేకుండ జరుపుటను గూర్చి సంఘపెద్దలు ఈ నెల కమిటీలోనే మాటలాడవచ్చును.