పద్నాలుగు రోజుల మాత్ర

భోజనానంతరం తాంబూలం వేసికొనడం మన పెద్దల అలవాటు. అమెరికాలోని మన ఇండ్లలో ఇప్పుడు తాంబూలపు పళ్లెం ఉండవలసిన చోట యాంటాసిడ్ సీసా కనిపిస్తున్నది. ఉగాది విందులో పులిహోర, బజ్జీలు ఆరగించి, రాత్రికి ఒక మాత్ర నమిలితే సాధారణంగా నష్టమేమీ లేదు. అదే ఏండ్ల తరబడి సాగితేనే చిక్కు.

ఈ మందులలో ముఖ్యమైనవి రెండు తెగలు. కాల్షియం కార్బొనేట్ వంటి నమిలే మాత్రలు కడుపులో అప్పటికే ఊరిన ఆమ్లాన్ని తటస్థపరుస్తాయి. మోతాదు మించి దీర్ఘకాలం వాడితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు చేటు కలుగవచ్చు. నీటిలో పొంగే సోడా పొడులలో సోడియం అధికం గనుక రక్తపోటు ఉన్నవారికి అవి తగవు. రెండవ తెగకు చెందిన ఒమెప్రజోల్ వంటివి ఆమ్లం ఊరకుండానే అడ్డుకుంటాయి. అమెరికాలో ఇది 2003 నుండి వైద్యుని చీటీ లేకుండానే దొరుకుతున్నది.

దాని పెట్టెను ఒకసారి వెనుకకు త్రిప్పి చదవండి. పెద్ద పెట్టెలో 42 మాత్రలుంటాయి. అవి వరుసగా 42 రోజులు మింగడానికి కావు. రోజుకొకటి చొప్పున 14 రోజులు మాత్రమే. వైద్యుడు చెప్పనిదే నాలుగు నెలల లోపు మరల వాడరాదు. అనగా ఆ పెట్టె ఏడాదికి సరిపోవాలి! ఇంత ముఖ్యమైన మాటను చీమతలలంత అక్షరాలలో అచ్చువేయడం నాకెన్నడూ నచ్చలేదు.

ఆమ్లాన్ని మనం శత్రువుగా భావిస్తాము గాని, దానితో శరీరానికి చాలా పని ఉన్నది. పాలు, పెరుగులలోని బి12 విటమిన్ మాంసకృత్తులతో ముడిపడి ఉంటుంది. ఆ ముడి విప్పడానికి ఆమ్లం కావాలి. శాకాహారులకు బి12 లభించేది ముఖ్యంగా ఆ పాలు, పెరుగుల నుండే. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ కూడ బి12ను తగ్గించగలదు. శాకాహారం, మెట్‌ఫార్మిన్, ఒమెప్రజోల్ మూడూ ఒకే మనిషిలో కలవడం మన కుటుంబాలలో వింత కాదు. ఉత్తర కాలిఫోర్నియా రోగులపై 2013లో వెలువడిన పరిశోధనలో, ఇటువంటి మందులను రెండేండ్లకు పైగా వాడినవారిలో బి12 లోపం ఎక్కువగా కనిపించింది. కాలేయంలోని నిల్వ కొన్నేండ్లు ఆదుకొంటుంది గనుక లోపం ఆలస్యంగా గాని బయటపడదు.

పిల్లలను చూడవచ్చిన ఒక పెద్దాయన "గ్యాస్ బిళ్ల" అంటూ పరగడుపున ప్రతిదినం ఒకటి వేసికొనేవారు. అరికాళ్ల తిమ్మిరిని చాలాకాలం షుగరు ఖాతాలో వ్రాసుకున్నారు. రక్తపరీక్ష చేయిస్తే బి12 అడుగంటింది. ఇంజక్షన్లతో నడక కుదుటపడింది. తిమ్మిరి మాత్రం పూర్తిగా పోలేదు.

ఎముకలు విరిగే ప్రమాదం గురించి 2010లోను, మెగ్నీషియం తగ్గుట గురించి 2011లోను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ తెగ మందులపై హెచ్చరికలు చేసింది. అయితే భయపడి మాత్రను ఒక్కసారిగా మానవద్దు. అణగి ఉన్న ఆమ్లం కొన్ని వారాలు రెట్టింపు జోరుతో ఊరి, మంట తిరగబెట్టవచ్చు. పుండు, రక్తస్రావం వంటి కారణాలతో వైద్యుడు వ్రాసి యిచ్చినవారు ఆయననడగక మానరాదు. మిగిలినవారు వైద్యుని సలహాతో మెల్లగా తగ్గించుకొని, బి12 పరీక్ష చేయించుకోవాలి.

మ్రింగుడు కష్టమైనా, మలం నల్లబడినా, బరువు తగ్గుతున్నా మాత్రతో సరిపెట్టుకోరాదు. ఛాతీలో బరువుతో చెమటలు పట్టినా, నొప్పి చేతికి, దవడకు ప్రాకినా అది అజీర్తి కాకపోవచ్చు. మాత్ర కోసం వెదకక వెంటనే 911కు ఫోను చేయండి.