కేసు షీటులో ఆ గడి ఖాళీగా వదలకు



అమ్మాయీ, పెద్దపేగు క్యాన్సర్ కొన్ని కుటుంబాలను తరతరాలుగా ఎందుకు వెంటాడుతుందని అడిగావు. మీ వైద్య పుస్తకాలు జన్యువుల పేర్లతో మొదలుపెడతాయి. నన్నడిగితే 1895లో, అమెరికాలోని యాన్ ఆర్బర్‌లో కుట్టుపని చేసుకునే ఒకామెతో మొదలుపెట్టాలి. మా వాళ్లంతా పొట్టలోనో, పేగులోనో, గర్భసంచిలోనో క్యాన్సర్ వచ్చి పోతున్నారు, నేనూ అలాగే త్వరగా పోతానని ఆమె పాథాలజీ ప్రొఫెసర్ ఆల్డ్రెడ్ వార్తిన్‌తో అంది. అన్నట్టే గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది కూడా. వార్తిన్ ఆ మాటను కొట్టిపారేయలేదు. ఆమె బంధువుల వివరాలన్నీ కూడబెట్టి 1913లో ప్రచురించారు. వైద్య గ్రంథాల్లో ఆ కుటుంబం పేరు 'ఫ్యామిలీ జి'.

అయితే వార్తిన్ యూజెనిక్స్‌ను, అంటే 'మంచి వంశాల' వాళ్లే పిల్లల్ని కనాలన్న వాదాన్ని నమ్మిన మనిషి. ఆయన చూసింది నిజం, దాన్నుంచి తీసిన తీర్మానం తప్పు. ఇది కూడా గుర్తుంచుకో.

1960లలో ఒమాహా నగరంలో హెన్రీ లించ్ అనే డాక్టరుకు ఇలాంటి కథే మరో రోగి నోట వినిపించింది. కుర్రతనంలో బాక్సింగ్ చేసిన ఈయన దెబ్బలకు వెరవలేదు. క్యాన్సర్ వంశపారంపర్యమంటే ఆనాటి పెద్ద డాక్టర్లు నమ్మలేదు, పరిశోధనకు నిధులూ దొరకలేదు. ఆయన మాత్రం వార్తిన్ కాగితాలు సంపాదించి, ఫ్యామిలీ జి కథను 1970 దాకా తీసుకొచ్చారు. ఇప్పుడా జబ్బును లించ్ సిండ్రోమ్ అంటున్నాం.

అసలు లోపం ఎక్కడంటే, కణం విడిపోయేటప్పుడు డీఎన్‌ఏ నకలులో దొర్లే తప్పులను ప్రూఫ్ రీడర్‌లా పట్టుకుని దిద్దే జన్యువుల్లో. 1993లో ఎంఎస్‌హెచ్2, ఆ వెంటనే ఎంఎల్‌హెచ్1 దొరికాయి. ప్రతి జన్యువుకూ తల్లిదండ్రుల నుంచి చెరొక ప్రతి వస్తుంది. ఈ కుటుంబాల్లో ఒకటి పుట్టుకతోనే పాడైనది. పేగులో ఏదో ఒక కణంలో రెండోదీ పాడైతే ఇక దిద్దేవాళ్లుండరు, తప్పులు పేరుకుపోతాయి. ఫ్యామిలీ జిలో చెడింది ఎంఎస్‌హెచ్2 అని 2000లో తేలింది.

ఒక్కో బిడ్డకు ఆ పాడైన ప్రతి వచ్చే అవకాశం సగానికి సగం. వచ్చిన వాళ్లందరికీ క్యాన్సర్ రాదు. ఏ జన్యువు చెడిందన్నదాన్ని బట్టి ముప్పు మారుతుంది: పీఎంఎస్2 అయితే చాలా తక్కువ. ఏపీసీ జన్యువు చెడితే మాత్రం కథ వేరు. యౌవనంలోనే పేగు నిండా వందల పాలిప్స్, అంటే క్యాన్సర్‌గా మారగల బుడిపెలు, మొలుస్తాయి.

తెలిస్తే చేయగలిగింది చాలా ఉంది. ఫిన్లాండ్‌లో లించ్ కుటుంబాలకు మూడేళ్లకోసారి కొలనోస్కోపీ చేస్తే, పదిహేనేళ్లలో పెద్దపేగు క్యాన్సర్లు 62 శాతం తగ్గాయి. ఇంకో పరీక్షలో రోజుకు 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ రెండేళ్ల పాటు ఇచ్చి ఏళ్ల తరబడి గమనించారు: ఆస్పిరిన్ వాళ్లలో 9 శాతానికి, ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 13 శాతానికి ఈ క్యాన్సర్ వచ్చింది. ఇది విని ఎవరూ సొంతంగా ఆస్పిరిన్ మింగకూడదు. రక్తస్రావం భయం ఉంది.

రేపు వార్డులో కుటుంబ చరిత్ర గడిలో 'ఏమీ లేదు' అని రాసి ముందుకు పోకు. మేనత్తలనూ, మేనమామలనూ, పిన్నమ్మలనూ పేరుపేరునా అడుగు, జబ్బు ఏ వయసులో వచ్చిందో రాయి. మేనరికమైతే అదీ రాయి: ఎంయూటీవైహెచ్ జన్యువు రెండు ప్రతులూ చెడినప్పుడే పాలిప్స్ తెస్తుంది. పేగు క్యాన్సర్‌తో వచ్చింది మగవాడైనా సరే, అతని ఇంటి ఆడవాళ్ల గర్భసంచి గురించి తప్పక అడుగు.