ఒంటి బరువు – ఎండోస్కోపీ

"లావుగా ఉన్నవాళ్ళకి కడుపులోకి గొట్టం వేస్తే మళ్ళీ లేవరట!"

ఎవరో అన్న ఈ ఒక్క మాట మా పెదనాన్నగారి చేత రెండు నెలలపాటు పరీక్ష వాయిదా వేయించింది. ఆ రెండు నెలలూ కడుపులో మంట, తారులాంటి నల్లని విరేచనాలు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆసుపత్రిలో చేర్చేసరికి హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది. ఇంతకీ ఆ మాటలో నిజమెంత? నేను డాక్టర్ని కాను, జంతుశాస్త్రం చదువుకుంటున్నవాణ్ణి. అయినా డాక్టరుగారిని అడిగి, ఆ తర్వాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్న నాలుగు ముక్కలు మిత్రులతో పంచుకుందామని ఈ ప్రయత్నం.

ముందు గొట్టం సంగతి చూద్దాం. 1868లో జర్మనీలో కుస్‌మాల్ అనే వైద్యుడు, కత్తులు మింగే గారడీవాడి చేత నిటారైన గొట్టం మింగించి కడుపులోకి తొంగిచూశాడు. అది అందరి వల్లా అయ్యే పనేనా? 1957లో హిర్షోవిట్జ్ అమెరికాలో గాజు తంతువులతో, ఎటు కావాలంటే అటు వంగే గొట్టాన్ని చూపించాక ఈ పరీక్ష మామూలు మనుషులకి అందింది. నేటి గొట్టం చిటికెన వేలంత లావు, చివర చిన్న కెమెరా. ఊరికే చూసి రావడానికి వేసే గొట్టంతో కడుపుకి చిల్లు పడటం చాలా అరుదు. మరి బరువుకీ ప్రమాదానికీ ముడి ఎక్కడ పడింది? కడుపులో కాదు, ఊపిరిలో!

పరీక్షకి మత్తు ఇస్తే గొంతు కండరాలు వదులవుతాయి. మెడ చుట్టూ కొవ్వున్నవారికి శ్వాసమార్గం అసలే ఇరుకు. వదులైన కండరాలు దాన్ని ఇంకా మూస్తాయి. పడుకున్నప్పుడు పొట్ట బరువు ఉదరవితానాన్ని పైకి నెడుతుంది కనుక ఊపిరితిత్తుల్లో నిలవుండే గాలి తగ్గుతుంది. నిలవ తక్కువైతే, ఊపిరి కాసేపు ఆగినా రక్తంలో ప్రాణవాయువు గబగబా పడిపోతుంది. పైగా కొన్ని మత్తుమందులు కొవ్వులో చేరి ఆలస్యంగా వదులుతాయి.

మా పెదనాన్నగారి ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 96 కిలోలు. బరువుని మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే 35 వస్తుంది. మన భారతీయులకి 25 దాటితేనే స్థూలకాయం అంటారు. అయితే డాక్టరుగారు ఆ అంకె చూసి ఊరుకోలేదు. "రాత్రి గురక పెడతారా?" అని అడిగారు.

"అబ్బే, లేదండీ" అన్నారు పెదనాన్న.

వెనక నుంచి పెద్దమ్మ అందుకుంది: "లేదంటారేమిటి! పక్కింటికి వినపడుతుంది. మధ్యలో ఊపిరి ఆగిపోతే నేనే తట్టి లేపుతుంటాను."

ఆ ఒక్క జవాబుతో పద్ధతి మారిపోయింది. మత్తు మానేశారు. గొంతులో మొద్దుబారే మందు చల్లి, ఎడమ పక్కకి పడుకోబెట్టి, ముక్కుకి ఆక్సిజన్, వేలికి ఆక్సీమీటరు పెట్టారు. పది నిమిషాల్లో పని ముగిసింది. లోపల కనిపించింది పుండు, దానికి కారణం హెలికోబాక్టర్ క్రిములు. రక్తం ఎక్కించి, 14 రోజులు మందులిచ్చారు. ఇప్పుడు కులాసాగా ఉన్నారు.

అలాగని బక్కవాళ్ళకి భయం లేదనుకోకండి. జబ్బుతో చిక్కినవారి రక్తంలో ఆల్బుమిన్ తగ్గుతుంది. దానికి అంటుకుని ఉండాల్సిన మత్తుమందు విడిగా తిరిగి, కొద్ది మోతాదే ఎక్కువై కూర్చుంటుంది.

మింగలేని రోగులకి పొట్ట గోడ గుండా కడుపులోకి ఆహారపు గొట్టం అమర్చే పద్ధతి ఒకటుంది. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గాడరర్, పాన్‌స్కీలు మొదలుపెట్టారు. లోపలి దీపం వెలుగు చర్మం మీద కనిపించిన చోట గుచ్చుతారు. కొవ్వు మందంగా ఉంటే ఆ వెలుగు కనపడటం కష్టం. మరీ చిక్కినవారికేమో పుండు త్వరగా మానదు. చూశారా, రెండు కొసల్లోనూ చిక్కే!

ఈ రోజుల్లో బరువు తగ్గడానికి సెమగ్లుటైడ్ వంటి ఇంజెక్షన్లు వచ్చాయి. ఇవి కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తాయి. పరగడుపునే వచ్చామనుకున్నా లోపల తిండి మిగిలి ఉండవచ్చు. మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. కనుక ఆ సంగతి ముందే చెప్పాలి.

మిత్రులారా, బరువు పరీక్షని మానుకోవడానికి సాకు కాదు, డాక్టరుకి చెప్పవలసిన సమాచారం. మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్ష రాస్తే సరైన బరువు, గురక, వాడే మందులు దాచకుండా చెప్పించండి. రోగి మొహమాటపడితే, పక్కన పడుకునేవారిని వెంట తీసుకువెళ్ళండి. మా ఇంట్లో కాటా చెప్పని నిజం చెప్పింది మా పెద్దమ్మే!