తోకపిగిలి పిగిలి కాదు

సంక్రాంతి సెలవులకు మా ఊరు కోడుమూరు పోయినప్పుడు జరిగిన సంగతి ఇది. బావి కాడ జామచెట్ల కింద మా తమ్ముడు ఉండేలు ఎక్కుపెట్టి నిలబడినాడు. పైన చింతకొమ్మ మీద ఒక పిట్ట. నల్లని తల, నెత్తిన జుట్టు, ఇటుక రంగు వీపు.

"అన్నా, పిగిలిపిట్ట! పండ్లన్నీ ఇదే పొడుస్తాంది" అన్నాడు.

అనుమానమొచ్చి వాని చెయ్యి పట్టుకున్నాను. మరి ఏ పిట్ట అంటే మాత్రం నోరు పెగల్లేదు. చదివేది బి.ఎస్సీ., జువాలజీ! నాయన నవ్వి, "పేరు తెలీకుండానే సాక్ష్యం చెప్తావేమిరా?" అన్నాడు.

ఇద్దరమూ గట్టు మీద కూర్చొని గంటసేపు చూసినాం. ఆ చూసినదీ, తర్వాత లైబ్రరీలో చదివినదీ కలిపి మిత్రులకు మనవి చేస్తున్నాను.

మొదటి గుర్తు, తిండి. ఆ గంటలో అది ఒక్క పండు ముట్టలేదు. కొమ్మ మీదనుంచి గాలిలోకి లేచి, ఎగిరే పురుగును పట్టుకొని మళ్లీ కొమ్మ మీద వాలుతుంది.

రెండవది, ముక్కు. అది వెడల్పుగా, చదునుగా ఉంటుంది. మొదట్లో బిరుసు వెంట్రుకలుంటాయి.

మూడవది, తోక. పిగిలికి తోక మొదట్లో కింద ఎర్రమచ్చ ఉంటుంది, దీనికి లేదు. ఎదిగిన మగదానికి మాత్రం ఒంటికన్నా పొడుగైన రెండు ఈకలు రిబ్బన్లలా వేలాడతాయి. మేము చూసింది పొట్టితోకది, అంటే ఆడదో, లేత మగదో.

ఇదే తోకపిగిలి. నల్లమల వంటి అడవుల్లోనూ, నీడగల తోపుల్లోనూ కనబడుతుంది. మగవాటిలో ఇటుక రంగువీ, పాలవంటి తెల్లవీ ఉంటాయి. రెంటికీ తల నలుపే. పూర్వం వీటిని రెండు జాతులనుకున్నారు. 1758లో లిన్నేయస్ పండితుడు దీనిని కాకుల ప్రజాతిలో చేర్చినాడు. తర్వాతివారు ఈగలు పట్టే పిట్టల్లో కలిపినారు. నేడు వేరే కుటుంబంగా లెక్కించి, కాకులు, ఏట్రింతలు ఉండే పెద్ద శాఖలోనే పెట్టినారు. అంత పెద్దలే తికమకపడితే మా తమ్ముణ్ణి ఏమనగలం?

ఇదంతా చెప్తే వాడు, "అయితే అసలు పిగిలిని కొట్టచ్చునా?" అన్నాడు. అదీ పండ్లతోపాటు పురుగులను తింటుందని చెప్పినాను. నాయన ఏమీ అనలేదు. ఉండేలు మాత్రం తీసి అటక మీద పెట్టినాడు.

మిత్రులారా, ఈసారి ఊరికి పోతే మీ తోటలోని పిట్టను ఒక గంట చూడండి. ఒకరి తప్పుకు ఇంకొకరికి శిక్ష పడకూడదంటే ముందు పేరు సరిగా తెలియాలి.