మనవాళ్లకు కాదని చెప్పగలడా?

పరగోడు దగ్గర చిత్రావతికి అడ్డంగా ఆనకట్ట కడుతుంటే, బాగేపల్లికి తాగునీళ్లని పైన కర్ణాటకవాళ్లు సంబరపడ్డారు. మా చెరువుల నోట్లో మట్టి కొడుతున్నారని కింద ఆంధ్రా వైపు రైతులు మండిపడ్డారు. ఏరు ఒకటే, రెండువైపులా మాట్లాడేది తెలుగే, రాష్ట్రాలే వేరు. దేశాన్ని నడుపుతానని వచ్చేవాణ్ని తూచడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. బాగేపల్లి సభలో అన్న మాటనే కిందున్న పుట్టపర్తి సభలోనూ అనగలడా?

మనం చూసేవి మాత్రం వేరు. మైకు పట్టుకుంటే ఎలా మాట్లాడతాడు, ఏ కులం, వెనక ఎన్ని కార్లు, మనింటి పెళ్లికి వచ్చి అక్షింతలు వేశాడా లేదా. పలకరింపు మంచిదే, కాదనను. అయితే సొంతవాళ్లకు గిట్టని మాటను వాళ్ల ముఖాన చెప్పే దమ్ము లేకపోతే తక్కిన గుణాలన్నీ ఎన్నికల దాకే.

ఆ దమ్మున్న మనుషులు ఈ సీమలో పుట్టారు. హెచ్. నరసింహయ్యది గౌరిబిదనూరు తాలూకా హొసూరు. 1942 ఉద్యమంలో జైలుకెళ్లారు, అమెరికాలో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేశారు. 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా ఉండగా మహిమలను శాస్త్రీయంగా పరీక్షించే కమిటీ వేశారు. దూరాన ఎవరో బాబాను పట్టుకోలేదు. ఇదే చిత్రావతి ఒడ్డున ఉన్న, తన ఊరికి అంత దూరం కాని పుట్టపర్తి సత్యసాయికే పరీక్షకు ఒప్పుకోమని ఉత్తరాలు రాశారు. జవాబు రాలేదు, తిట్లు మాత్రం బాగానే వచ్చాయి. బాగేపల్లిలో, గౌరిబిదనూరులో నేషనల్ కాలేజీలు పెట్టించి, తాను బెంగళూరు బసవనగుడి కాలేజీ హాస్టల్ గదిలోనే బతుకు వెళ్లదీశారు. ఆయన ప్రశ్న మీకు నచ్చకపోవచ్చు. ఎవరిని అడిగారన్నది చూడండి.

ముద్దేనహళ్లి విశ్వేశ్వరయ్య మైసూరు దివాన్ పదవి తీసుకునే ముందు, సిఫారసులకు నా దగ్గరికి రావద్దని బంధువుల దగ్గర మాట తీసుకున్నారని చెప్పుకుంటారు. వెనుకబడిన కులాలకు ఉద్యోగాల్లో వాటా ఇవ్వాలన్న విషయంలో మహారాజుతో పడక 1918లో ఆ పదవి వదిలేశారు. ఆ వాదంలో న్యాయం మహారాజు పక్షానే ఉందని నా నమ్మకం. అయినా ఆయన తాను నమ్మనిదానికి తలూపుతూ కుర్చీ పట్టుకుని కూర్చోలేదు. గుణం వేరు, తీర్పు వేరు. ఓటరు రెండూ చూడాలి.

ఇక మన సంగతి. పడమటి కనుమల నీళ్లను మన వైపు తెస్తామన్న ఎత్తినహొళె పథకానికి 2014లో చిక్కబళ్లాపురంలో శంకుస్థాపన జరిగింది. 24 టీఎంసీలన్నారు. అక్కడ అన్ని నీళ్లు లేవని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు లెక్క తీశారు. మొదటి దశ ప్రారంభమయ్యేసరికి 2024 సెప్టెంబర్ వచ్చింది, అదీ హాసన్ జిల్లాలో. ఈలోగా ఎన్ని ఎన్నికలు! "నీళ్లు ఎప్పుడొస్తాయన్నా?" అని అడిగితే "వచ్చేస్తాయిలే పెద్దాయనా, నన్ను గెలిపించు సాలు" అన్నవాడికి చప్పట్లు కొట్టాం. "తాగేదానికి సూస్తాను, టమాటా తోటలకు మాత్రం ఇప్పుడే మాట ఇయ్యలేను" అని ఒకడు అనుంటే? రచ్చబండ దగ్గర వాడి పరువు తీసుండేవాళ్లం.

ఆ మాట వినగలిగే ఓర్పు పోలింగు రోజు పొద్దున్నే ఊడిపడదు. గ్రామసభలో మన వీధి కాలువ కన్నా అవతలి వీధి కాలువ ముందు బాగుచెయ్యాలని లేచి చెప్పి చూడండి. మనవాళ్లే గుర్రుగా చూస్తారు. అది నాలుగుసార్లు తట్టుకున్నవాడికి వేదిక మీద అలాంటివాడు కనబడితే ఇట్టే తెలిసిపోతుంది.

ఈసారి ఊళ్లోకి ప్రచారానికి వచ్చినాయన్ను, మాకేం చేస్తావని కాకుండా, మేం అడిగినదాంట్లో ఏది చెయ్యలేవని అడగండి. నవ్వేసి దండం పెట్టి ముందుకు పోతే పోనివ్వండి. కాసేపు ఆలోచించి ఒక్కటైనా చెప్తే, పేరు గుర్తుపెట్టుకోండి. పక్కనున్న కార్యకర్త మొహం మాత్రం మాడిపోతుంది.