బోర్లించిన ముక్క – బుకాయింపు లెక్క

పిల్లలూ! పేకముక్క వెనుకవైపు చూసి అది రాజో, రెండో చెప్పగలరా? చెప్పలేరు. ఇలా చెప్పలేకపోవడంలోనే చక్కని గణితం దాగి ఉన్నది. దానిని ఒక ఆట సాయంతో తెలుసుకొందాం.

అమెరికా గణితశాస్త్రజ్ఞుడు రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' అనే ఆట 1993లో వెలువడింది. ఇందులో వేలాది రకాల ముక్కల నుండి ఎవరి కట్టను వారే కూర్చుకోవాలి. 'కమాండర్' అనే పద్ధతిలో సాధారణంగా నలుగురు ఆడతారు. ఒక్కొక్కరికి 100 ముక్కలు. అందులో నాయకుడి ముక్కను పక్కన పెట్టి, మిగిలిన 99 ముక్కలను కలిపి, పైనుండి 7 తీసుకొని ఆట మొదలుపెడతారు.

2002లో ఈ ఆటలోకి 'మార్ఫ్' ముక్కలు వచ్చాయి. వీటిని బోర్లించి ఆడవచ్చు. బోర్లించి ఉన్నంతసేపు అన్నీ ఒకే బలం గల జీవులు. తగిన మూల్యం చెల్లించి తిప్పినప్పుడే అసలు రూపం బయటపడుతుంది. అది పిల్లి కావచ్చు, పులి కావచ్చు!

ఎన్ని ఉండాలి?

99 ముక్కలలో మార్ఫ్ ముక్కలు 30 ఉన్నాయనుకొందాం. మొదటి 7 ముక్కలలో కనీసం ఒకటి వచ్చే సంభావ్యత ఎంత? ముందుగా ఒక్కటీ రాకపోయే సంభావ్యత కట్టాలి. మార్ఫ్ కానివి 69. కాబట్టి 69/99, 68/98, 67/97... ఇలా 63/93 వరకు ఏడు భిన్నాలను గుణించాలి. సుమారు 0.07 వస్తుంది. దానిని 1 నుండి తీసివేస్తే 0.93. అంటే సుమారు 93 శాతం. మార్ఫ్ ముక్కలు 10 మాత్రమే ఉంటే ఇది సుమారు 54 శాతానికి పడిపోతుంది.

పిల్లులెన్ని? పులులెన్ని?

మీ బోర్లించిన ముక్కపై ఎదుటివాడు దాడి చేశాడనుకొందాం. అది పిల్లి అయితే అతనికి 2 పాయింట్ల లాభం. పులి అయితే 6 పాయింట్ల నష్టం. ఐదింటిలో ఒకటే పులి అయితే, ఐదు దాడులకు సగటున 8 లాభం, 6 నష్టం. అతడు ధైర్యంగా దాడి చేస్తాడు. మూడింటిలో ఒకటి పులి అయితే 4 లాభం, 6 నష్టం. అతడు వెనుకాడతాడు. నాలుగింటిలో ఒకటి పులి అయితే లాభనష్టాలు సమానం. అన్నీ పిల్లులే అయితే ఎవరూ భయపడరు. బుకాయింపు నిలబడాలంటే దాని వెనుక తగినంత నిజం ఉండాలన్నమాట. పోకర్ ఆటలోని బుకాయింపును జాన్ వాన్ నాయ్‌మన్, ఆస్కార్ మార్గెన్‌స్టెర్న్ 1944లో వెలువడిన తమ గ్రంథంలో గణితరీత్యా పరిశీలించారు.

నలుగురి ఆటలో మరో విశేషం ఉన్నది. ఐదింటిలో ఒకటే పులి అయినప్పుడు మీపై దాడికి సగటు లాభం 0.4 పాయింటు. పక్కవాని పిల్లి వెల్లకిలా కనిపిస్తుంటే దానిపై దాడికి లాభం కచ్చితంగా 2. తెలివైనవాడు ఎటు వెళతాడు? కాబట్టి ఇక్కడ కొద్దిపాటి అనుమానమే మిమ్మల్ని కాపాడుతుంది.

ప్రకృతిలోనూ ఈ లెక్క ఉన్నది. కరివేప, నిమ్మ మొక్కలపై గుడ్లు పెట్టే 'కామన్ మార్మన్' సీతాకోకచిలుకలలో కొన్ని ఆడవి, పక్షులకు రుచించని 'కామన్ రోజ్' సీతాకోకచిలుకను పోలి ఉంటాయి. ఇటువంటి అనుకరణను హెన్రీ బేట్స్ 1862లో వివరించాడు. అనుకరించేవి మరీ ఎక్కువైతే పక్షులు మోసపోవు.

మరి ఇది మోసం కాదా? ఆట ముగిసినప్పుడు బోర్లించిన ముక్కలన్నీ తిప్పి చూపాలన్నది మ్యాజిక్ నియమం. బుకాయించవచ్చు గాని నియమం తప్పరాదు. ఆటకూ మోసానికీ తేడా ఇదే.

మీరే చేసి చూడండి

పాత శుభలేఖల అట్టతో 16 సమానమైన ముక్కలు కత్తిరించండి. 12 ముక్కలపై పిల్లి, 4 ముక్కలపై పులి అని రాయండి. బాగా కలిపి, ఒకటి తీసి బోర్లించండి. మీ మిత్రుడు ప్రతిసారీ దాడి చేయాలి. ముక్కను తిరిగి కలిపేస్తూ 50 సార్లు ఆడి, పాయింట్లు పట్టికలో రాయండి. తరువాత పులులను 2 చేసి, ఆపైన 6 చేసి ఆడండి; మొత్తం ముక్కలు మాత్రం 16 ఉండాలి. దాడికి సగటున ఎంత రావాలో ముందే లెక్కకట్టి, మీ పట్టికతో పోల్చి చూడండి.