పాడి పశువులలో కడుపు శూల : అర్థం, కారణాలు, ఉపశమనం

బ్యాంకు రుణంతో కొనుగోలు చేసిన పాడి ఆవు రైతు కుటుంబానికి ప్రతిదినం ఆదాయమిచ్చే ఆస్తి. రుణ వాయిదాలు తీరేది కూడా దాని పాలతోనే. అటువంటి పశువును ఒక్క రాత్రిలో పోగొట్టగలది కడుపు ఉబ్బరం. కనుక పాడి రైతులు, దాణా వ్యాపారులు దీనిని గురించి తెలుసుకొనడం అవసరం.

అర్థం

శూల అనగా కడుపులో కలిగే తీవ్రమైన నొప్పి. ఇది వ్యాధి పేరు కాదు, లోపలి దోషాన్ని తెలిపే సూచన. పశువు మేత, నెమరు మానుతుంది, కాలితో పొట్టను తన్నుకొంటుంది, మాటిమాటికి పడుకొని లేస్తుంది, పళ్ళు కొరుకుతుంది.

కారణాలు

1. ఉబ్బరం : పశువు మొదటి పొట్టలో మేత పులిసి నిరంతరం వాయువు పుడుతుంది. అది త్రేన్పుల ద్వారా వెలుపలికి పోవాలి. లేత లూసర్న్, పిల్లిపెసర వంటి పప్పుజాతి పచ్చిమేత అధికంగా తిన్నప్పుడు వాయువు నురగలో చిక్కుకొంటుంది. మామిడి టెంక, దుంప గొంతులో అడ్డుపడినా ఇదే ప్రమాదం. ఎడమ డొక్క ఉబ్బి, తట్టినచో డోలు వలె మ్రోగుతుంది.

2. ఆమ్లదోషం : అన్నం, బియ్యం, దాణా ఒక్కసారిగా ఎక్కువగా తినడం. నేను చూచిన ఒక ఇంట, వివాహంలో మిగిలిన అన్నాన్ని ప్రేమతో ఆవు ముందు పోశారు. మరునాటికి అది లేవలేకపోయింది.

3. అన్య వస్తువులు : పుదుచ్చేరి ప్రాంతంలోని సేదరపేట్‌లో పారిశ్రామిక వాడ ఉన్నది. ఇటువంటి చోట్ల ఆరుబయట మేసే పశువులు ప్లాస్టిక్ సంచులు, తీగ ముక్కలు మ్రింగే ప్రమాదం ఉంది.

ఉపశమనం

వెంటనే పశువైద్యునికి కబురు చేయాలి. ఆయన వచ్చేలోగా మేత ఆపి, ముందుకాళ్ళు ఎత్తైన చోట ఉండునట్లు నిలబెట్టాలి. నోటికి అడ్డంగా కర్ర కట్టినచో చొంగ ఊరి త్రేన్పులు రావడానికి వీలవుతుంది. పచ్చిమేత వలన కలిగిన ఉబ్బరమైతే, వైద్యుని సలహాతో పెద్ద పశువుకు 300 నుండి 500 మిల్లీలీటర్ల వంటనూనె మెల్లగా త్రాగించవచ్చు. తల పైకెత్తి పట్టి పోయరాదు. నూనె ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణహాని. పడిపోయిన పశువుకు, మ్రింగలేని పశువుకు ఏదీ పోయరాదు. డొక్కలో కత్తి గ్రుచ్చే సాహసం చేయరాదు. వైద్యుడు తగిన సాధనంతో వాయువు తీస్తాడు. నోరు తెరచి, నాలుక చాచి శ్వాసిస్తున్నచో క్షణమైనా ఆలస్యం కూడదు. సంచార పశువైద్య వాహనాలున్న రాష్ట్రాలలో 1962 సంఖ్యకు ఫోను చేయవచ్చు. పుదుచ్చేరి వారికి కురుంబపేట్‌లోని రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధన సంస్థ ఉన్నది.

నివారణ

పచ్చిమేతకు ముందు ఎండుగడ్డి వేయాలి. దాణా మార్పు పది దినాలలో క్రమంగా జరగాలి. వ్యాపారులు బూజు పట్టిన తెలగపిండిని అమ్మక, ఈ సూచనను కొనేవారికి తెలుపుట ధర్మం.

రుణగ్రహీతలకు

బీమా చేసిన పశువు చెవి బిళ్ళను భద్రంగా ఉంచాలి. పశువు మరణిస్తే పూడ్చక ముందే బ్యాంకుకు, బీమా సంస్థకు తెలిపి, వైద్యునిచే శవపరీక్ష చేయించాలి. 2018-19లో పశుపోషణకు విస్తరించిన కిసాన్ క్రెడిట్ కార్డు ద్వారా దాణా, వైద్య ఖర్చులకు రుణం పొందవచ్చు. అయితే సకాలంలో గుర్తించడమే అన్నిటికన్న చౌకైన చికిత్స. రాత్రి నిద్రకు ముందు ఒక్కసారి పాకలోకి వెళ్ళి, ఆవు నెమరు వేస్తున్నదా, ఎడమ డొక్క సమంగా ఉన్నదా అని చూడండి.